తమ్ముడు పండుకోని రెండు నెలలు

మా పెదబాపుకు తెలియని సంగతి లోకంలో ఒక్కటి కూడా లేదు. ఊరికి మాలీ పటేలు కాబట్టి శిస్తు వసూలు చేయడం ఎట్లాగూ తెలుసు. దాంతోపాటు వాన ఎప్పుడు పడుతుందో, కోర్టులో ఎవరు గెలుస్తారో, గొడ్డు ఎందుకు మేత ముట్టడం లేదో, కడుపుతో ఉన్నామెకు పుట్టేది ఆడో మగో, అన్నీ తెలుసు. వాన ఆయన చెప్పిన రోజు పడకపోతే తప్పు వానది. ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే కోటు జేబులోంచి గొలుసు గడియారం తీసి, రెండో చేత్తో నాడి పట్టుకుని, కళ్లు సగం మూసి చూసేవాడు. ఆ గడియారం ఆగిపోయి నాలుగేళ్లయింది. ఇంట్లో అందరికీ ఆ సంగతి ఎరుకే. ఒక్కరూ పైకి అనేవారు కాదు.

మా బాపు ఆయనకు సొంత తమ్ముడు. అన్న కూర్చుంటే నిలబడేవాడు, అన్న ఏదంటే దానికి "ఔ" అనేవాడు. అన్న తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే, నాలుగో కాలు తన చేతిలో ఉన్నా వెనక దాచుకునేవాడు. వేములవాడకు పోయే బాటలో మా ఊరు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా ఈ అన్నదమ్ములను చూపించి తమ పిల్లలకు బుద్ధులు చెప్పేవారు. నేను కూడా పన్నెండేళ్లు వచ్చేదాకా దాన్ని మంచితనం అనే అనుకున్నాను.

ఆ పన్నెండో ఏట నా తమ్ముడికి జబ్బు చేసింది. వాడికి ఏడేళ్లు. నా తర్వాత ఇద్దరు పుట్టి పోయాక దక్కినవాడు. బాసరకు తీసుకుపోయి అక్షరాభ్యాసం చేయించారు గానీ, ఆ తర్వాత అక్షరాలు దిద్దించింది మాత్రం నేనే. చలికాలంలో ఒకనాడు అవ్వ, అంటే మా కన్నతల్లి, వాడికి నీళ్లు పోస్తూ మెడ పక్కన చెయ్యి ఆపింది. చింతగింజలంత గడ్డలు, ఒకదాని కింద ఒకటి, నాలుగైదు ఉన్నాయి. పెదబాపును పిలిచారు.

"నొస్తున్నదారా?" అని అడిగాడు.

"లే," అన్నాడు తమ్ముడు.

"నొయ్యనిది రోగం గాదు. గండమాల మొలుస్తున్నట్టున్నది. పసరు కట్టున్రి."

అవ్వ పసరు కట్టింది. గడ్డలు ఉసిరికాయలంతయ్యాయి. పసరు మంచిగా పనిచేస్తున్నదని, లోపలిదాన్ని బయటికి గుంజుతున్నదని పెదబాపు అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మా ఇంట్లో వినేవాళ్లు తొమ్మిది మంది.

శివరాత్రి దాటాక వాడికి ఆయాసం మొదలైంది. కచ్చకాయలాడుతూ మధ్యలో ఆగి నోరు తెరుచుకుని కూర్చునేవాడు. పొడి దగ్గు వచ్చేది. పొద్దున లేచేసరికి మొహం, కనురెప్పలు ఉబ్బి ఉండేవి, మెడ నరాలు తాళ్లలాగా తేలేవి. వీటన్నిటికంటే ముఖ్యమైనది, వాడు పండుకోలేకపోయాడు. వెల్లకిలా పండబెడితే వంద లెక్కపెట్టే లోపల లేచి కూర్చునేవాడు. కళ్లు పెద్దవి చేసి నా రవిక పట్టుకునేవాడు. గుండె మీద చెయ్యి పెడితే పరుగెత్తి వచ్చినవాడిలాగా దడదడ కొట్టుకునేది.

పెదబాపు గడియారం తీశాడు. నాడి చూశాడు. ఆ తర్వాత చుట్టూ ఉన్నవాళ్లందరినీ ఒకసారి చూసి తీర్పు చెప్పాడు.

"గుండె కొట్టుకుంటున్నది. కండ్లు తేలేస్తున్నడు. పండుకుందామంటే భయపడుతున్నడు. గిది జడుపు. పిలగాన్ని ఎవలో జడిపిచ్చిన్రు."

మా దిక్కు అప్పట్లో పిల్లలకు వచ్చే రోగాల్లో సగం జడుపే. అంటే భయం గుండెలో కూర్చోవడం. దానికి మందు కూడా మా ఇంట్లో తరాలుగా ఉంది. పిల్లను ఎవరు జడిపించారో వాళ్లను పట్టుకోవాలి. వాళ్లు పొద్దున పాచిమొహంతో తమ దోసిట్లోంచి మూడు గుక్కల నీళ్లు తాగించాలి. పిల్లను తూర్పు తలాపున వెల్లకిలా పండబెట్టి తాగించాలి. జడిపించిన చేయే జడుపు దింపుతుందని వాళ్ల నమ్మకం. దిగకపోతే ఆ నీళ్లిచ్చినవాళ్ల మనసులో ఏదో కల్మషం ఉన్నట్టు లెక్క. ఇంత చక్కని ఏర్పాటు సర్కారు కూడా చేయలేదు. రోగం తగ్గితే పేరు పెదబాపుకు, తగ్గకపోతే నింద ఇంకొకరికి.

ఆ సాయంత్రమే అందరినీ కూర్చోబెట్టి అడిగాడు. నేను నిజం చెప్పాను. నాకు నిజం చెప్పడం నేర్పినవాళ్లే అడుగుతున్నారు గదా అనుకున్నాను. కందులు ఎండబోసిన నాడు నేను వడ్ల గుమ్మి వెనక దాక్కుని, బాపు గొంగడి నెత్తి మీదుగా కప్పుకుని, తమ్ముడు రాగానే ముందుకు దుంకాను. వాడు కెవ్వుమన్నాడు. వెంటనే నవ్వాడు. "ఇంకొక్కసారి అక్కా" అని చెయ్యి పట్టి లాగితే ఇంకో మూడుసార్లు దుంకాను. మెడ గడ్డలు అప్పటికే ఉన్నాయి.

ఆ చివరి మాట నా నోట్లోంచి వచ్చింది గానీ ఎవరి చెవిలోకీ పోలేదు. అందరి మొహాల్లో ఒక నిమ్మళం కనబడింది. రోగానికి మనిషి దొరికింది.

తమ్ముడు అవ్వ ఒడిలోంచి "నేను జడుసుకోలే పెదబాపు" అన్నాడు.

"జడుసుకున్నోడు జడుసుకున్న అని చెప్తడా?" అన్నాడు పెదబాపు. దానికి బాపు తల ఊపాడు. ఈ తెలివికి ఎదురు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

మరునాటి నుంచి నీళ్లు మొదలయ్యాయి. వాకిట్లో చాప వేసి వాడిని పండబెట్టేవారు. వాడు లేవబోతే పెదబాపు ఒక భుజం, బాపు ఒక భుజం పట్టుకునేవారు. నేను దోసిలి వంచేదాన్ని. వాడికి ఊపిరే ఆడకపోతే గుక్క ఎట్లా మింగుతాడు? పొలమారి, మొహం నల్లబడి, కాళ్లు కొట్టుకునేవాడు. వదలగానే లేచి కూర్చుని నన్ను పట్టుకుని ఏడ్చేవాడు. "జూసిన్రా, దాన్ని చూస్తెనే ఎట్ల వణుకుతుండో" అనేవాడు పెదబాపు. వాడు నన్ను చూసి వణకడం లేదు. నన్ను పట్టుకుని వణుకుతున్నాడు. ఈ రెంటికీ తేడా తెలియని మనిషి మా ఊరికి ముప్పై ఏళ్లు పటేలు.

పది రోజులకు కూడా తగ్గలేదు. "పోరి మనసు పెట్టి ఇస్తలేదు" అని తేల్చారు. మా చిన్నమ్మ తన పిల్లలను నా దగ్గరికి రానీయడం మానేసింది. అవ్వ కూడా నా వైపు చూసే చూపు మారింది. అది నన్ను ఇప్పటికీ కోస్తుంది. తిట్టలేదు, కొట్టలేదు. అన్నం పెట్టేటప్పుడు మొహం చూడడం మానేసింది, అంతే.

తమ్ముడు మాత్రం నా వీపుకు వీపు ఆనించి కూర్చుంటే తప్ప నిద్రపోయేవాడు కాదు. పొద్దంతా, రాత్రంతా అట్లాగే. నా నడుము పట్టేసేది. కదిలితే వాడు లేస్తాడని కదిలేదాన్ని కాదు. ఎవరివల్ల జడుసుకున్నాడో ఆమె వీపు మీదే నిద్రపోతున్నాడేమిటని తొమ్మిది మందిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఒకప్పుడు వాడి గుండె చప్పుడు నా వీపుకు తెలిసేది. పోనుపోను గోడ అవతల ఎవరో దంచుతున్నట్టు దూరమైంది. అది మంచిదేమో, జడుపు దిగుతున్నదేమో అనుకున్నాను.

అవును, నేను నమ్మాను. పెదబాపును వెక్కిరించడం ఇప్పుడు సులువు. ఆ రెండు నెలలు నేను కూడా నా చేతులు చూసుకుని, వీటిలో ఏం కల్మషం ఉందో అనుకుంటూ, దోసిలి పట్టే ముందు బూడిదతో తోముకునేదాన్ని. నా తమ్ముణ్ణి నేనే చంపుతున్నానని నాకు అనిపించేది. ఆ మాట అడగడానికి మనిషి లేడు. నా మీద నాకు రోత పుట్టేది అక్కడే.

నీళ్లు పనిచేయలేదని వేములవాడలో కోడె మొక్కు పెట్టుకున్నారు. ఎవరి పేర మొక్కారో వాడే కోడె పగ్గం పట్టి గుడి చుట్టూ తిరగాలని పెదబాపు పట్టుబట్టాడు. ఎత్తుకుని తిప్పుదామని అవ్వ అంటే, ఎత్తుకుంటే మొక్కు చెల్లదన్నాడు. తమ్ముడు పది అడుగులు వేశాడు. పెదాలు నీలంగా మారాయి. పగ్గం వదిలేసి రాతి నేల మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి, చేపలాగా నోరు తెరిచాడు. కోడె నిలబడి వాడినే చూసింది. అక్కడున్నవాళ్లందరిలోకీ ఆగాలని తెలిసింది దానికే.

"దేవుని ముంగట గూడ జడుసుకుంటుండు," అన్నాడు పెదబాపు.

అవ్వ అప్పుడు నోరు తెరిచింది. నా ఎరుకలో మొదటిసారి బావగారి ఎదుట. "నా కొడుకును దవాఖానకు తీస్కవోతరా, నన్ను గీ గుండం నీళ్లల్ల దుంకమంటరా?" అంది. అంతమంది యాత్రికుల ముందు పటేలు ఇంటి కోడలు అట్లా అరిస్తే పరువు ఏమవుతుంది? బిడ్డ ఊపిరికి కదలనివాళ్లు పరువుకు కదిలారు. కరీంనగర్‌కు తీసుకుపోతే అక్కడి డాక్టరు గుండె మీద చెవి గొట్టం పెట్టి, మొహం ముడుచుకుని, ఒక్క పూట కూడా ఉంచకుండా హైదరాబాద్ పొమ్మన్నాడు. బాపు వాడిని తీసుకుని బయలుదేరాడు, అవ్వను ఇంటి దగ్గరే ఉండమన్నారు. నన్ను కూడా తీసుకుపొమ్మన్నాడు పెదబాపు. ప్రేమతో కాదు. పొద్దున నీళ్లు ఆగకూడదు గదా.

పెద్ద దవాఖానలో వాడి ఛాతీకి ఫొటో తీశారు. డాక్టరు దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఛాతీ నిండా తెల్లగా ఒక కుండంత ఉంది. అది గుండె నీడట. ఆ మధ్యాహ్నమే వాడిని ఒక గదిలోకి తీసుకుపోయి, సూది గుచ్చి లోపలి నీళ్లు తీశారు. నర్సు బయటికి తెచ్చిన సీసాలో నెత్తురు కలిసిన నీళ్లు సగందాకా ఉన్నాయి. తర్వాత వాడిని మంచం మీదికి మార్చారు. వాడు తల కిందికి వాల్చాడు. ఒక పక్కకు తిరిగి, చెయ్యి చెంప కింద పెట్టుకుని, పండుకున్నాడు.

రెండు నెలల తర్వాత పండుకున్నాడు. పట్టపగలు, అంతమంది తిరిగే వార్డులో, ముక్కూ మొహం ఎరగనివాళ్ల మధ్య, ఏ భయమూ లేకుండా నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోయాడు. నేను మంచం పక్కన నేల మీద కూర్చుని చూశాను. నాకు అప్పుడే తెలిసింది. డాక్టరు చెప్పకముందే తెలిసింది. నేను చాలాసేపు ఏడ్చాను.

మరునాడు పొద్దున, అలవాటు ప్రకారం బాపు నన్ను నీళ్లు పట్టమన్నాడు. నేను దోసిలి పట్టాను. ఆ డాక్టరు కోస్తా మనిషి, వార్డు చూడడానికి అప్పుడే వచ్చాడు.

"ఏంటమ్మా, ఏం తాగిస్తున్నావు?" అని అడిగాడు.

బాపు చెప్పాడు. సిగ్గుపడకుండా, అంతా వరుసగా, నేను గొంగడి కప్పుకున్న దగ్గర నుంచి చెప్పాడు. డాక్టరు విని, నా చేతులు పట్టుకుని నీళ్లు కింద పారబోశాడు. అప్పుడు బాపుతో మాట్లాడాడు.

"ఇది భయం జబ్బు కాదండీ. మెడలో కనిపించే గడ్డల్లాంటివే ఛాతీలో ఇంకా పెద్దవి ఉన్నాయి. ఇది గ్రంథుల కాన్సర్, మీరు రాచపుండు అనేదే. లింఫోమా అంటాం. గుండె చుట్టూ ఒక సంచి ఉంటుంది. జబ్బు అందులోకి పాకింది, గుండెకు కూడా అంటుకుంది. ఆ సంచిలో నీరు నిండితే గుండె విచ్చుకోవడానికి చోటుండదు. పడుకుంటే ఊపిరి అసలే ఆడదు. అందుకే కూర్చున్నాడు."

"రాచపుండంటె పుండుండాలె గదా సారూ," అన్నాడు బాపు.

"ఇది లోపల ఉంది," అన్నాడు డాక్టరు. ఓపికైన మనిషి. "ఎవరు భయపెట్టినా రాదు, ఎవరు నీళ్లిచ్చినా పోదు." ఆ తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు చేసిందేమీ లేదమ్మా. ఇన్నాళ్లూ వాణ్ణి వీపు మీద ఆనించుకుని కూర్చోబెట్టావు చూడు, అదొక్కటే ఇంతవరకూ వాడికి పనిచేసిన వైద్యం."

బాపు గొంతు తగ్గించి అడిగాడు. "ముందుగాల తెస్తే బతుకుతుండెనా?"

"చెప్పలేను. ఈ జబ్బులో పిల్లలు బతకడం చాలా అరుదు. కానీ ముందే వస్తే మందులకు కొన్ని నెలలు దొరికేవి. ఈ రెండు నెలలూ ఊపిరి కోసం ఇంత కొట్టుకునేవాడు కాదు."

బాపు అదంతా విన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన చేతిలోని రుమాలు మెలి తిరగడం చూశాను.

మాత్రలిచ్చారు, కరెంటు వైద్యమని ఛాతీకి ఏదో పట్టారు. మెడ గడ్డలు వారం రోజుల్లో కరిగిపోయాయి. వాడికి రాక్షసుడి ఆకలి పుట్టింది. ఇడ్లీలు ఆరారు తిని, నా వంతు కూడా లాక్కున్నాడు. మంచం కింద దాక్కుని నర్సును జడిపించాడు, నవ్వాడు. ఆ వారమే నాకు మిగిలింది. తర్వాత మళ్లీ నీరు నిండింది. మళ్లీ తీశారు. మూడోసారి తీయడానికి గది సిద్ధం చేస్తుండగా, పొద్దున పది గంటలకు, నా వీపుకు ఆనుకుని కూర్చునే పోయాడు. నాకు వెంటనే తెలియలేదు. బరువు పెరిగింది, నిద్రపోయాడనుకున్నాను.

చిన్నపిల్లలకు పెద్ద దినాలు చేయరు, మూడొద్దులతో సరి. ఆ మూడోనాడు చుట్టాలంతా వాకిట్లో కూర్చున్నారు. పెదబాపు గోడకు ఆనుకుని గడియారం గొలుసు సవరించుకుంటూ, తాను మొదటి రోజే జడుపని చెప్పిన సంగతి, పోరి మనసు పెట్టని సంగతి, పట్నం పోయి పిల్లవాడికి సూదులు పొడిపించిన సంగతి వరుసగా చెప్పాడు. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందంటారు. అది చావింట్లో కూడా పడుతుందని నాకు ఆనాడే తెలిసింది. చుట్టాల్లో ఒక ముసలాయన బాపును అడిగాడు. "డాక్టర్లేమన్నరు?"

నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. నా గుండె తేలికపడింది. ఇప్పుడు బాపు చెప్తాడు, అవ్వ నా మొహం చూస్తుంది అనుకున్నాను.

బాపు అన్న వైపు చూశాడు. "వాళ్లు గూడ గట్లనే అన్నరు. గుండె జడుసుకున్నదన్నరు," అన్నాడు.

నేను బయటికి వచ్చి "లే, డాక్టరు గట్లనలే" అని అరిచాను. చిన్నమ్మ వచ్చి నా నోరు మూసి లోపలికి లాక్కుపోయింది. జడిపించిన నోరే ఇంకా లేస్తున్నదని ఎవరో అన్నారు.

మరునాడు బాపు పెరట్లో ఎడ్లకు నీళ్లు పెడుతుంటే పోయి అడిగాను. ఎందుకు అబద్ధమాడావని అడిగాను. ఆయన కోపం చేయలేదు. కుడితి గోలెం వైపే చూస్తూ, నాకు నచ్చచెబుతున్నట్టు చెప్పాడు.

"రోగమన్ననుకో, రెండు నెల్లు ఎవలు ఆపిన్రు అంటరు. అన్న మీదికొస్తది. నా మీదికొస్తది. నువ్వు ఆడపిల్లవు బిడ్డా. రేపు పెండ్లయి పోతవు, గీ మాట ఈడనే ఉంటది. నేను మా అన్నతోని గీ ఊళ్లెనే బతకాలె."

అప్పటిదాకా నాకు పెదబాపు అంటే అసహ్యం. ఆనాటి నుంచి ఆయన మీద సగం తగ్గింది. ఆయన నిజంగా నమ్మిన మూర్ఖుడు. బాపుకు తెలుసు. అవ్వకు చెప్పాను, నాలుగుసార్లు చెప్పాను. మొగుడి మాట నమ్మాలో, పన్నెండేళ్ల పిల్ల మాట నమ్మాలో తేల్చుకోలేక ప్రతిసారీ లేచి పనిలోకి పోయింది.

నాకు పదహారేళ్లకు ఆదిలాబాద్ జిల్లాలో నిర్మల్ దిక్కు సంబంధం చేశారు. అంత దూరమైతే మంచిదన్నాడు బాపు. మాట మనుషులకంటే ముందు బస్సెక్కుతుందని ఆయనకు తెలియదు. మొదటి కాన్పుకు పుట్టింటికి పంపడం ఆనవాయితీ. మా అత్త పంపలేదు. ఆ ఇంట్లో పసిపిల్లలు దక్కరట. కూతురు పుట్టింది. పాలకు తప్ప నా చేతికి ఇచ్చేవారు కాదు. పాలిచ్చేటప్పుడు కూడా గదిలో ఒకరు కూర్చునేవారు.

ఇరవై ఒకటో రోజు తొట్టెల వేశారు. బాపు వెండి మురుగులు తీసుకుని వచ్చాడు. పంచలో మగవాళ్లకు విస్తర్లు వేశారు, ఆయన మొదటి వరుసలో కూర్చున్నాడు. బిడ్డ ఏడిస్తే నేను తొట్టెల దగ్గరికి పోయి ఎత్తుకోబోయాను. అత్త నా కంటే ముందు అందుకుంది. తల్లికి ఇయ్యవేమని వచ్చినవాళ్లలో ఒకామె అడిగితే, నలుగురూ వినేటట్టు చెప్పింది.

"మా కోడలుకు పిల్లల్ని జడిపిచ్చే గుణమున్నది బాయీ. తమ్ముణ్ణి గట్లనే పోగొట్టుకున్నది. నేన్గాదు, ఆళ్ల బాపే చెప్పిండట."

ఆ మాట పంచలోకి వినబడింది. నేను బాపు మొహం చూశాను. అక్కడ ఆయన అన్న లేడు, ఆయన ఊరు లేదు. ఒక్క మాట అంటే చాలు. ఆయన తల ఎత్తాడు, నన్ను చూశాడు. తర్వాత విస్తరి వైపు తిరిగి, వడ్డించే మనిషితో పప్పుచారు ఇంకింత పొయ్యమన్నాడు.